విల్సన్ కోసం ఆగిన పాట

నేను ఒక క్యాసెట్టుని. మణి అలమారా తుడుస్తోంది. రోజూ లాగే నన్ను దించి, పైటచెంగుతో దుమ్ము తుడిచి, మళ్ళీ భర్త కంటపడకుండా చీరల వెనక్కి తోయబోయి, ఎందుకో ఆగింది.

విశాఖపట్నం బ్యాండు 'ఉప్పుగాలి' వాళ్ళ నాలుగో ఆల్బమ్‌ని నేను. మొదటి మూడింటికీ కాలేజీలన్నీ ఊగాయి. నా వంతు వచ్చేసరికి వాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి, పొట్టలొచ్చాయి, పట్టింపులూ వచ్చాయి. డ్రమ్స్ వాయించే విల్సన్ తాళం పరిగెత్తిస్తున్నాడని పాడే గిరిధర్ అన్నాడు. "అయితే డ్రమ్స్ కొట్టే మిషన్ పెట్టుకో" అని విల్సన్ లేచిపోయాడు. గిరిధర్ నిజంగానే పెట్టుకున్నాడు. కోపంలో ఇచ్చిన సలహాల్ని మనుషులు ఎంత బుద్ధిగా పాటిస్తారో!

అలా పుట్టాను. పెద్దగా అమ్ముడుపోలేదు. నాతో పాటు పుట్టిన మిగతా కాపీల మీద, కొన్నవాళ్ళు పెళ్ళి సన్నాయో, చర్చి ప్రసంగమో ఎక్కించేసుకున్నారు. నేను మాత్రం కొట్లో ఎండకి వెలిసి, ఒక నర్సు చేతికెళ్ళి, ఆమె టేపురికార్డరు నన్ను నమిలితే పెన్సిలుతో చుట్టించుకుని బతికి బయటపడ్డాను. ఆ నర్సు ఆసుపత్రిలోనే పనిచేసే మణి నన్ను అడిగి తెచ్చుకుంది. మణి విల్సన్ భార్య.

విల్సన్ నన్ను ఒక్కసారీ వినలేదు. ఆనాటి నుంచి డ్రమ్స్ కర్రలూ ముట్టలేదు. చర్చిలో కూడా చేతులు కట్టుకునే కూర్చుంటాడు.

నిన్న గిరిధర్ వచ్చాడు.

"రేపు పొద్దున మన పాత షెడ్డులో ప్రాక్టీసురా. నువ్వు రాకపోతే బ్యాండు మూసేస్తాను."

"మిషనుందిగా. తప్పులు చెయ్యదు."

"టీ కూడా తాగదు. దాంతో ఎన్నాళ్ళు కాపరం చేస్తాంరా?"

విల్సన్ నవ్వలేదు. గిరిధర్ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మణి నన్ను ముందుగదిలోకి తీసుకెళ్ళి టేపురికార్డర్‌లో పెట్టింది. విల్సన్ ఉప్మా తింటున్నాడు.

"అది వాళ్ళదేనా? తీసెయ్."

"వినకుండా ఇన్నాళ్ళు తిట్టారు. ఇవాళ విని తిట్టండి."

నా మొదటి పాట మొదలైంది. "మిషన్ ఎంత చప్పగా కొడుతోందో చూడు" అన్నాడు విల్సన్, మహా తృప్తిగా.

రెండో చరణం అయింది. గిటారు ఆగింది, గొంతు ఆగింది. మిషన్ ఒక్కటే అమాయకంగా టిక్కు టిక్కుమంటోంది. షెడ్డులో వాయించిన రోజుల నుంచీ అదే వాళ్ళ అలవాటు. రెండో చరణం చివర అందరూ ఆపేస్తే విల్సన్ ఒక్కడే వాయించేవాడు. అతను లేడన్నది మరిచిపోయి స్టూడియోలోనూ ఆగారు. తర్వాత విన్నప్పుడూ ఎవరికీ వెలితి తోచలేదు, వాళ్ళ చెవుల్లో విల్సన్ మోగుతూనే ఉన్నాడు. కొన్నవాళ్ళు మాత్రం క్యాసెట్టు పాడైందని తిరిగిచ్చేశారు.

విల్సన్ చెంచా ఆగిపోయింది.

"వెనక్కి తిప్పు."

మణి తిప్పింది. ఈసారి ఆ ఖాళీ రాగానే అతని వేళ్ళు స్టీలు పళ్ళెం అంచు మీద పరిగెత్తాయి. చివరి దెబ్బ పడీపడగానే గిరిధర్ గొంతు అందుకుంది. సూది పట్టేంత సందు కూడా మిగల్లేదు.

"తాళం తప్పానా?" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"నన్నడుగుతారేంటి? వాళ్ళనడగండి."

విల్సన్ చెయ్యి కడుక్కున్నాడు. స్టూలెక్కి అటక మీంచి పాత దుప్పటి మూట దించి, అందులోంచి కర్రలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"వానొచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళండి" అంది మణి.

అతను చెప్పులేసుకుని మెట్లు దిగి షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.