మోటరు పట్టీకి ఎంత?

మా ఆయన కనకయ్య చేతిలో పడితే ఎంత మొండి ఇనుమైనా దారికి రావాల్సిందే. మనుషుల దగ్గర మాత్రం ఆయనకు నోట్లో నాలుక ఉండదు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన ఎవరినీ ఒక్క పైసా అడగడం నేను చూడలేదు. ఊళ్లో రైతుల నాగలి కర్రులు సాపు చేసినందుకు పంట ఇంటికొచ్చాక తలా ఇన్ని వడ్లు కొలిచేవాళ్లు. అవి అడగకుండానే వచ్చేవి. దొర ఉండే గడీకి చేసిన పనికి మాత్రం గింజ కూడా రాదు. అది వెట్టి. తలుపు గొళ్లేలు, బండి చక్రాల పట్టాలు, ఎడ్ల నాడాలు, అన్నీ మా మామ చేశాడు, మామ తండ్రీ చేశాడు. చేసి, బాంచెన్ దొరా అని దండం పెట్టి, ఇంటికొచ్చి గంజి తాగేవాళ్లు.

ఆ ఎండాకాలం జఫర్‌గఢ్ దిక్కు నుంచి సంగం వాళ్లు మా ఊరికి వచ్చారు. ఇక మీద ఎవరూ వెట్టి చెయ్యొద్దు, గడీలో పని చేయించుకుంటే కూలి ఇవ్వాల్సిందే అని చెప్పారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేనైతే అరచేతులు మండేదాకా కొట్టాను. తెల్లారి చూస్తే ఆ చప్పట్లు కొట్టినవాళ్లే ఒక్కొక్కరుగా వెట్టికి గడీ బాట పట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. మరి నువ్వేం చేశావని అడగకండి. ఆ రోజు మా ఆయన దొర ఇనప్పెట్టె తాళం బాగుచేస్తుంటే పక్కన కూర్చుని తిత్తి ఊదింది నేనే.

నెల తిరగకముందే దొర మోటరు కారుకు దెబ్బ తగిలింది. ఆ మోటరు నడిపే మొగిలి జనగామ మనిషి, జీతానికి వచ్చినవాడు. ఆ రోజు దొరకు ఏం బుద్ధి పుట్టిందో, తానే నడుపుతానని మొగిలిని పక్కన కూర్చోబెట్టి, సొంత గడీ దర్వాజా రాతి కంబానికే తీసుకుపోయి గుద్దాడు. మోటరుకు ముందర అడ్డంగా ఒక మెరిసే ఇనుప పట్టీ ఉంటుంది. దాని ఒక కొస వెనక్కి ఒంగి చక్రానికి తగులుకుంది. దాని మీది మెరుపు జానెడు మేర గీసుకుపోయింది. మొగిలి ఆ పట్టీని ఊడదీసి భుజాన వేసుకుని మా కొలిమికి వచ్చాడు.

"కనకయ్యన్నా, దీన్ని బంపర్ అంటరు. ఎల్లుండి దొర జనగామ టేషన్‌కు పోవాలె. వియ్యంకుడు పట్నం నుంచి రైల్ల దిగుతుండు. గాలోపు సాపు జేసి కొత్తదాని లెక్క జెయ్యాలె."

"గట్లనే తమ్మీ" అంటూ మా ఆయన అప్పటికే కొలిమిలో బొగ్గులు పోస్తున్నాడు.

నేను తిత్తి మీద చెయ్యి వెయ్యలేదు. "ఎంతిస్తడట?" అన్నాను.

"ఏందక్కా?" అన్నాడు మొగిలి.

"కూలి. పట్టీ సాపు జేస్తే దొర ఎంతిస్తడని అడుగుతున్న."

మా ఆయన చేతిలో గంప అట్లాగే ఆగిపోయింది. "నీకేమన్న పిచ్చి లేసిందానే?"

"లేసింది. నేను తిత్తి ఊదను. నువ్వే ఊదుకో, నువ్వే కొట్టుకో."

తిత్తి ఊదడం, సమ్మెట కొట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. చివరికి మొగిలి నసుగుతూ చెప్పాడు, "పట్నంల షాపుకు పంపితే అరవై రూపాయలు, పదిహేను దినాలన్నరట. గంత పెట్టుడెందుకు, ఊళ్లె కమ్మరి లేడా అన్నడు దొర."

"విన్నవా? అరవై. మనం ముప్పై అడుగుదాం" అన్నాను.

"ముప్పయ్యా! కండ్లు పోతయే. ఒక రూపాయి అందాం."

"రూపాయి నీ బొగ్గులకే సాలదు. ఇరవై."

"పోనీ రెండు."

అమ్మేవాళ్లం మేమిద్దరం కొట్లాడుకుంటుంటే, కొనడానికి వచ్చినవాడు గోడకు ఆనుకుని వింటున్నాడు. మా ఆయన ఎంతో కష్టపడి మూడు దాకా ఎక్కాడు. అక్కడ కూలబడిపోయాడు. మొగిలికే మామీద జాలి కలిగింది.

"అన్నా, మూడంటే నాకే సిగ్గయితుంది. ఇద్దరు మనుషులు, రెండు దినాలు, బొగ్గులు, నూనె. ఆరు అను. కాని గడీల ఆ మాట నేను జెప్ప. నా నౌకరి పోతది. మీరే అడగాలె."

ఆరు అని ఒప్పుకున్నాం. ఇక అడిగేదెవరు? నేను నోరు తెరవబోతే మా ఆయన చెయ్యెత్తి ఆపాడు. "నేనే అడుగుత. నువ్వు గడీల ఒక్క మాట మాట్లాడొద్దు. ఆడిదాన్ని ముందట పెట్టి అడిగించిండంటరు." సరే అని ఒట్టు పెట్టుకున్నాను. ఇట్లాంటి ఒట్టు నేను పెట్టుకోవడం మా ఇంట్లో అదే మొదలు.

పని మొదలుపెట్టాక మాత్రం ఆయన వేరే మనిషి. పట్టీని ఎర్రగా కాల్చి, కట్టె సుత్తెతో నెమ్మదిగా కొట్టి, ఒక కన్ను మూసి చూసుకుంటూ వంకర తీశాడు. మంటకు ఆ మెరుపంతా బొబ్బలెక్కి పెళ్లలుగా లేచింది. మధ్యాహ్నం చూడటానికి వచ్చిన మొగిలి నెత్తి పట్టుకున్నాడు.

"వామ్మో, మెరుపంత పాయె! దొర నన్ను బతకనిస్తడా?"

"గది పైపూత తమ్మీ. లోపటి ఇనుము మంచిది. పరేషాన్ గాకు" అన్నాడు మా ఆయన, నవ్వుతూ.

యుద్ధం రోజుల నుంచి జనగామలో కూడా రంగు డబ్బా దొరకడం గగనమైపోయింది. దొరికినా మేం కొనేది కాదు. ఆయన ఆకురాయితో పట్టీని ఆ కొస నుంచి ఈ కొస దాకా రాశాడు. మళ్లీ కాల్చి, వేడి మీదే అవిసె నూనె గుడ్డతో రుద్దాడు. పొగకు నా కళ్లు కారిపోయాయి. ఆరనిచ్చి మళ్లీ కాల్చాడు, మళ్లీ రుద్దాడు. మూడోసారికి పట్టీ నల్లగా నిగనిగలాడింది. మోటరు కూడా నలుపే. అంతకన్నా మంచి రంగు పట్నంలో మాత్రం ఏం వేస్తారు? నాకు గర్వంగా అనిపించింది. ఆయన పనితనం చూసి నేను ముచ్చటపడటం కొత్త కాదు గానీ, ఆ ముచ్చట ఆయనకు చెప్పే అలవాటు లేదు. ఆ రోజు చెప్పాను. "ఆరు తక్కువే అడుగుతున్నం" అన్నాను.

మర్నాడు పొద్దెక్కాక పట్టీని చెరో కొస పట్టుకుని గడీకి మోసుకుపోయాం. లోపల దుర్గమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వడ్లు దంచుతున్నారు. దుర్గమ్మ ముసలామె. ఆమె గడీ వడ్లు దంచని రోజు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. మా ఆయన, మొగిలి కలిసి పట్టీని మోటరుకు బిగించారు. దొర అరుగు దిగి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. పట్టీ మీద అరచేత్తో రాసి చూశాడు.

"మంచిగ జేసినవ్. మోటరుకు గీ నలుపే నప్పింది. ఇగ పో."

మొగిలి గుడ్డ తీసుకుని, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. మా ఆయన పోలేదు. అడగనూ లేదు. అట్లాగే నిలబడ్డాడు. వెనక నుంచి చూస్తుంటే ఆయన వీపంతా చెమట. నేను ఒట్టు తలుచుకుని పెదాలు బిగించుకున్నాను. ముందు కోపం వచ్చింది. తర్వాత భయమేసింది. పోనీ, అడగకపోతే ఏమైంది, ఇంటికి పోదాం పదయ్యా అనిపించింది. నా మొండితనానికి ఈ నెమ్మది మనిషిని ఇక్కడ నిలబెట్టానే అని ఏడుపొచ్చింది.

"ఆరు రూపాయలు, దొరా."

ముప్పై ఏళ్లు సమ్మెట చప్పుడులో బతికిన మనిషి. మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. ఆ మాట గడీ అంతా వినిపించింది. రోకళ్లు ఆగిపోయాయి.

"ఏందిరా?" అన్నాడు దొర.

ఆ ఉరుముడు మా ఆయనకు అర్థం కాలేదు. దొరకు వినబడలేదేమో అనుకున్నాడు. ఇంకా గట్టిగా అరిచాడు. "ఆరు రూపాయలైతయి! పట్టీకి! బొగ్గుల పైసలు గూడ గండ్లనే!"

బాంచెన్ అనడం కూడా మరిచిపోయాడు.

దొర ఆయన వైపు చూశాడు. ఆగిన రోకళ్ల వైపు చూశాడు. సంగం మాట విని పక్క ఊళ్లో అప్పటికే గడీకి నీళ్లు మోసేవాళ్లు కూడా లేకుండా పోయారు. ఆ సంగతి మాకు తెలిసినప్పుడు దొరకు తెలియదా? కాసేపటికి, "పట్నపోడు అరవై అడిగిండు, వీడు ఆరడిగిండు" అని తనలో తను అనుకున్నట్టు అని లోపలికి పోయాడు. తిరిగొచ్చి డబ్బులు మా ఆయన చేతికివ్వకుండా అరుగు మీద పెట్టాడు. మా ఆయన వాటిని తీసుకుని రుమాలు కొసన ముడి వేశాడు. ఆ ముడిని రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మా సందు మలుపు తిరిగాక ఆయన ఉన్నట్టుండి ఆగాడు.

"ఎల్లవ్వా, పదడిగినా ఇచ్చేటోడేనే."

నేను సందు మధ్యలో నిలబడి పడీ పడీ నవ్వాను. పెళ్లయిన కొత్తలో కూడా అంతగా నవ్వలేదు.

పొద్దు వాలకముందే మా కొలిమి దగ్గరికి దుర్గమ్మ వచ్చింది. గడీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, తల నిండా ఊక. వచ్చి కూర్చోలేదు, నిలబడే ఉంది.

"బిడ్డా కనకయ్యా, వడ్లు దంచితే ఎంతడగాలె?"

నేను జవాబు చెప్పబోయాను. మా ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమెనే అడిగాడు, "నెలల ఎన్ని దినాలు దంచుతవవ్వా?"

దుర్గమ్మ కంగారు పడింది. ఆ మాట ఇంతకాలం ఆమెను అడిగినవాళ్లు లేరు. "గదంత ఎవరు లెక్కబెట్టిన్రు బిడ్డా? నాకు పెండ్లిగాక ముంగటి సంది దంచుతనే ఉన్న" అంది.

ఆమె వెనక, గడీ బట్టలు ఉతికే ఎల్లయ్య కూడా వచ్చి తడిక దగ్గర నిలబడ్డాడు. ఏమీ అడగలేదు గానీ, పోవడం లేదు.

మా ఆయన ఇనుప ముక్కలు పక్కకు జరిపి ఇద్దరికీ చోటు చేశాడు.

"కూసోండ్రి. పొద్దు శానా ఉన్నది. ఇప్పుడు లెక్కబెడ్దాం."