ఏసమ్మ సైకిల్

రొయ్యలు ఒలుస్తుంటే గుమ్మంలోంచి "సూర్యా" అన్న పిలుపు వినపడింది. పెళ్లయిన ఏడేళ్లలో ఈ ఇంట్లో నన్నలా పిలిచినవాళ్లు లేరు. తలెత్తితే ఏసమ్మ.

తొంభై ఆరులో పోటీలకి మలేషియా వెళ్లిన సైక్లింగ్ జట్టులో మేమిద్దరమే ఆడపిల్లలం. ముందురోజు ప్రాక్టీసులో ఏటవాలు ట్రాక్ మీంచి జారిపడి నా సైకిల్ ఫ్రేము విరగ్గొట్టుకున్నాను. ఏసమ్మ తన సైకిల్ సీటు నా ఎత్తుకి దించి, "నీ టైమింగ్ నాకంటే బాగుంది. పందెంలో నువ్వు దిగు" అంది. నేను ఏడో స్థానంలో వచ్చాను. పేపర్లో ఆ సైకిల్ మీద నా ఫొటో పడింది. పందెంలో దిగలేదు కాబట్టి ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు.

పొట్టి నిక్కరుతో ఉన్న ఆ ఫొటోని, భీమవరం సంబంధం కుదరగానే మా అమ్మ బీరువా అడుగున దాచేసింది. "ఇలా దేశాలు తిరిగావని మావాళ్లకి తెలిస్తే నేను తలెత్తుకోలేను" అన్నారు మావారు శ్రీనివాసరాజుగారు, పెళ్లైన వారానికే. తలూపాను. అప్పట్నుంచీ పదిమందికి వండుతూ, రొయ్యల చెరువుల దగ్గరికి క్యారేజీలు సర్దుతూ, ఊపుతూనే ఉన్నాను.

ఏసమ్మకి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చేలా ఉందట. జట్టులో ఉందని నేను రాజమండ్రి ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాలి. సోమవారం ఆఖరు. ఇంతలో మా మాటలు విని అత్తయ్యగారు వచ్చి, ఎవరమ్మా, ఏం సైకిలు అన్నారు.

"మరెవరో అనుకుని వచ్చినట్టున్నారండి" అన్నాను, ఏసమ్మ మొహంలోకి చూస్తూనే.

ఆమె అత్తయ్యగారి వైపు తిరిగింది. "అవునండి, ఇల్లు పొరపాటు పడ్డాను" అంది. మంచినీళ్లడిగి, తాగి వెళ్లిపోయింది. ఆ గ్లాసు విడిగా పెట్టమన్నారు అత్తయ్యగారు. పెట్టాను.

భయపడి అలా అన్నానని సర్దిచెప్పుకోవాలని చూశాను. కుదరలేదు. నిజం చెబితే నన్నెవరూ కొట్టరు, తరిమెయ్యరు. మంచి కోడలన్న పేరు పోతుందేమోనని, అంతే. నా కోసం తన పందెం వదులుకున్న మనిషిని ఆ పేరు కోసం ఎవరో తెలీదన్నాను. ఆ తర్వాత ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొచ్చింది.

ఆదివారం పుట్టింటికెళ్లి ఫొటో తీసుకున్నాను. సోమవారం రాజమండ్రి బస్సెక్కాను. ఆఫీసు వరండాలో ఏసమ్మ ఒక్కతే కూర్చునుంది. నన్ను చూసి లేచింది. లోపల ఆఫీసరు గారు జరిగింది విని, ఫొటో తిరగేసి, ఆ సైకిల్ ఈవిడదేనని రుజువేంటని అడిగారు.

"నేనేనండి రుజువు. ఈవిడ తొక్కాల్సిన పందెం నేను తొక్కాను. మొన్న మా ఇంటికొస్తే ఈవిడెవరో తెలీదన్నాను" అన్నాను. ఏసమ్మ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన కాగితం నా ముందుకు జరిపారు. సంతకం పెట్టాను. బయటికొచ్చాక, బస్సు టైమైందేమో వెళ్లండి అంది ఏసమ్మ. ఉద్యోగం వచ్చిందని తర్వాతెప్పుడో ఇంకెవరో చెబితే తెలిసింది.

ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి హాలు నిండా చుట్టాలు. ఎక్కడికెళ్లావమ్మా అన్నారు అత్తయ్యగారు, అందరి ముందూ.

"నిక్కరేసుకుని సైకిల్ తొక్కినప్పుడు నాకు తన సైకిల్ ఇచ్చినావిడకి సంతకం పెట్టి వచ్చానండి. మొన్న మీరు గ్లాసు విడిగా పెట్టించింది ఆవిడకే."

మావారు తల దించుకున్నారు. నాకు వాళ్లెవరి ముందూ సిగ్గనిపించలేదు. ఏసమ్మ ఎదురైతే ఎలా చూడాలన్నదే ఇప్పటికీ తెలియడం లేదు.