ఇరవైకి తొమ్మిది

...అయినా తొమ్మిదేమిటి? పది వేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. పది అంటే సగం, సగం దగ్గర మనిషి ఎలాగో నిలబడగలడు. తొమ్మిది అంటే గడప దాకా రానిచ్చి ముఖం మీద తలుపు వేయడం. ఇన్నేళ్లుగా నేనూ పిల్లలకు తొమ్మిదులు వేస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఏ ఒక్కరి ముఖమూ చూసిన జ్ఞాపకం లేదు.

నా చేతిలో ఉన్నది పిల్లల పేపరు కాదు. మా ఉపాధ్యాయ సంఘం తరఫున విద్యాధికారికి నేను రాసిన అర్జీ. ఐదో తరగతి రెండు సెక్షన్లనూ కలిపేస్తామని, మిగిలిపోయే టీచరును వేరే బడికి పంపిస్తామని ఉత్తర్వు వచ్చింది. కలిపితే డెబ్బై నాలుగు మంది పిల్లలు, ఒక గది, ఒక గొంతు. అభ్యంతరాలు ఈరోజు సాయంత్రం ఐదు లోపల ఇవ్వాలి. నిన్న వెనక పేజీలో పన్నెండు మంది సంతకాలు పెట్టారు. మొదటి గీత కార్యదర్శిది, అంటే నాది. ఇంటికి వెళ్లి ఇంకోసారి చదువుకుని పెడతానని దాన్ని ఖాళీగా వదిలాను. ఇంట్లో యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దేసరికి కళ్లు లాగేసి, ఆ పని వాయిదా పడింది. పొద్దున సంచీలోని కాగితాలన్నీ స్టాఫ్ రూము బల్ల మీద పెట్టి క్లాసుకు వెళ్లాను. భోజనాల వేళకు వచ్చి చూస్తే అర్జీ పై మూలన ఎర్ర సిరాతో, చుట్టూ సున్నాతో, ఇరవైకి తొమ్మిది. కింద ఒక ముక్క: "విషయం ఉంది. గట్టిగా చెప్పలేదు."

ఎవరై ఉంటారు? సైన్సు టీచరు అయితే బొమ్మ ఏదని అడిగేది. లెక్కల మాస్టారు అయితే అర మార్కు తోక తగిలించకుండా వదలడు. డ్రిల్లు మాస్టారు మార్కులు వేయడు, విజిల్ వేస్తాడు.

"ఎవరండీ ఈ పని చేసింది?" అన్నాను, వీలైనంత మామూలుగా.

లెక్కల మాస్టారు అన్నం డబ్బా మూత పెడుతూ తొంగి చూశాడు. "తొమ్మిదా? చాలా ఉదారంగా వేశారే. నేనైతే ఆరు దాటనిచ్చేవాణ్ణి కాదు. స్టెప్పులేవీ?"

"అర్జీలో స్టెప్పులేమిటండీ?"

"నలభై ఐదు నిమిషాల పీరియడు, డెబ్బై నాలుగు మంది. తలకు ముప్పై ఆరు సెకన్లు. అది కదా రాయాల్సింది? మీరు 'సవినయంగా మనవి' అని మూడుసార్లు మనవి చేసి కూర్చున్నారు."

"ముప్పై ఆరు సెకన్లలో నా పిల్లలు లైన్లో కూడా నిలబడరు," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

కిటికీ పక్కన కూర్చున్న కొత్త టీచరమ్మ మాత్రం నవ్వలేదు. మిగిలిపోయే టీచరు ఆవిడే. "మార్కుల సంగతి ఎలా ఉన్నా, ఇవాళ ఇచ్చేస్తారు కదా సార్?" అంది. "నాకు ముప్పై ఏడు మంది పేర్లూ నిన్నటికి నోటికొచ్చాయి."

ఇస్తానన్నట్టు తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది. అసలు నేను కార్యదర్శినయింది కూడా ఎన్నిక రోజు సెలవులో ఉండటం వల్ల. అక్కడ ఉండి ఉంటే తప్పించుకునేవాణ్ణి. మా బామ్మర్ది ఇంటికొచ్చినప్పుడల్లా, "మీ సంఘం చేసే పనేంటి బావా, సెలవులు లెక్కపెట్టుకోవడమేగా?" అంటాడు. నేను నవ్వి ఊరుకుంటాను. జవాబు తెలియక కాదు. జవాబు చెబితే అది నా జవాబైపోతుందని. కార్యదర్శి సంతకం కూడా అంతే. పన్నెండు మందిలో ఒకడిగా ఉండటం వేరు, పన్నెండు మందికి ముందు ఉండటం వేరు.

నాలుగున్నరకు డ్రిల్లు మాస్టారు నన్ను తన స్కూటరు వెనక ఎక్కించుకున్నాడు. సాయానికి అన్నాడు గానీ, పారిపోతాననే అనుమానం అతని వీపులోనే కనిపించింది.

ఆఫీసులో కాగితాలు తీసుకునే కిటికీ వెనక ఒక గుమాస్తా అమ్మాయి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. "నమస్తే సార్! గుర్తుపట్టారా? ఎనిమిదో తరగతి, వెనక బెంచీ."

గుర్తులేదు. "గుర్తుండకపోవడమేంటమ్మా," అన్నాను.

ఆమె అర్జీ అందుకుని, పై మూల చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సార్, ఇది మీ తొమ్మిదే!"

"నాదేమిటమ్మా, ఎవరో ఆకతాయి..."

"తోక చూడండి సార్. కిందికి వచ్చి, వెనక్కి తిరిగి, వెళ్లాలా వద్దా అన్నట్టు ఆగిపోతుంది. ఏడాది పొడుగునా ఇంటికి మోసుకెళ్లిన తొమ్మిది. నేను పోల్చలేనా?"

చూశాను. తోక ఆగిపోయిన చోట నా మనసూ ఆగిపోయింది. నిన్న సాయంత్రం భోజనాల బల్ల, 'హక్కులు, బాధ్యతలు' పాఠం మీద అధికారికి అర్జీ రాయమన్న ప్రశ్నకు యాభై ఆరు పేపర్లు. దిద్దడం అయ్యాక లెక్కపెడితే యాభై ఏడు వచ్చాయి. లెక్క తప్పాననుకుని అన్నీ సంచీలో పెట్టేశాను. మధ్యలో ఒకటి పేరు రాయని పేపరు. దస్తూరి బాగుందే అని కూడా అనుకున్నాను. పేరు లేదు కాబట్టే కాబోలు, మొహమాటం లేకుండా నిజం రాశాను.

డ్రిల్లు మాస్టారు గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "మీకు మీరే తొమ్మిది వేసుకున్నారా మాస్టారూ!"

"ఇలా ఇవ్వకూడదమ్మా," అన్నాను. "శుభ్రంగా తిరగరాసి రేపు తెస్తాను."

"రేపు ఈ కిటికీ తెరిచే ఉంటుంది సార్, ఈ విషయం మాత్రం మూసేస్తారు. ఐదుకి ఇంకా ఏడు నిమిషాలున్నాయి."

"అధికారిగారు ఈ ఎర్ర గీతలు చూస్తే ఏమనుకుంటారు?"

"ఎవరో ఒకరు చదివారనుకుంటారు. ఇక్కడికొచ్చే కాగితాలకు అంత అదృష్టం ఎక్కడిది?" అర్జీ పేజీ తిప్పి, నా వైపు జరిపి, వేలు పెట్టి చూపించింది. "మొదటి గీత ఖాళీగా ఉంది. ఇది లేకుండా తీసుకోను. మా నాన్న సంతకం లేకుండా నా మార్కుల కార్డు మీరు తీసుకునేవారా?"

తీసుకునేవాణ్ణి కాదు. గుమ్మం బయటే నిలబెట్టేవాణ్ణి.

కిటికీకి దారంతో కట్టిన నీలం కలం అందుకుని గీశాను. పడలేదు. విదిలించి మళ్లీ గీశాను. అదృష్టం బాగుంది, కలం లేదని వెళ్లిపోవచ్చు అని ఒక్క క్షణం సంతోషించాను కూడా. ముప్పై ఏడు పేర్లు నోటికొచ్చాయన్న గొంతు ఎందుకో అప్పుడే గుర్తొచ్చింది.

జేబులోంచి ఎర్ర కలం తీసి, మూత నోటితో పట్టుకుని, మొదటి గీత మీద నా పేరు పూర్తిగా రాశాను.