తెల్లగా పుట్టిన పిల్ల

తెల్లారేసరికి ఈనేసింది మచ్చలమ్మ. పిల్ల తెల్లగా పుట్టింది. చూడగానే కోడలి గుండెల్లో రాయి పడింది.

ఇంకెక్కడైనా తెల్ల గుర్రప్పిల్ల పుడితే ఎగిరి గంతేస్తారు. ఈ లాయం సంగతి వేరు. ఇక్కడ పెంచేది నడక గుర్రాలను. నాలుగు కాళ్ళూ ఒకదాని వెనక ఒకటిగా నేలకు ఆనిస్తూ, మీద కూర్చున్న మనిషికి కుదుపన్నది తెలియకుండా తీసుకెళ్ళే జాతి అది. మామగారికి ఆ నడక ఉంటే చాలు, గుర్రం ఆకుపచ్చగా ఉన్నా పట్టించుకోరు. కొనేవాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళకు రంగు కావాలి, అదీ పక్కింటివాళ్ళ దగ్గర లేని రంగు. అందుకని కాలేజీలో జీవశాస్త్రం చదివిన పాపానికి ఆ రంగుల లెక్కలన్నీ కోడలి నెత్తిన పడ్డాయి.

లెక్క మరీ బ్రహ్మవిద్యేమీ కాదు. రంగును పలచన చేసే జన్యువు ఒకటుంది. అది తల్లి నుంచో తండ్రి నుంచో, ఒక్కరి నుంచే వస్తే ఎర్రగుర్రం కాస్తా బంగారు రంగుకు తిరుగుతుంది. ఇద్దరి నుంచీ వస్తే పిల్ల వెన్నరంగులో, నీలికళ్ళతో పుడుతుంది. ప్రాణానికి ఏ ఢోకా లేదు. మచ్చల జన్యువు అలాంటిది కాదు. ఒక్కరి నుంచి వస్తే ఒంటి మీద చింపి అతికించినట్టు తెల్లమచ్చలు వస్తాయి, అంతే. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం పిల్ల తెల్లకాగితంలా, అదీ నీలికళ్ళతోనే పుట్టి, పేగులు కదలక ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మందు లేదు, మాకు లేదు. పైగా ఈ జన్యువు మహా దొంగది. ఒక్కో గుర్రంలో ఒక్క మచ్చైనా చూపించకుండా దాక్కుంటుంది.

మచ్చలమ్మది బంగారు రంగు, పక్కల మీద మచ్చలు. అంటే రెండు జన్యువులూ దానిలో ఉన్నాయి. కాబట్టి జతకట్టే మగగుర్రంలో మచ్చల జన్యువు లేదని ముందే తేల్చుకోవాలి. దొర అని పిలుచుకునే బంగారు గుర్రం జూలులోంచి కుదుళ్ళతో సహా వెంట్రుకలు పీకి, కవర్లో పెట్టి, కోడలే ల్యాబుకు పంపింది. లేదని రిపోర్టు వచ్చింది. ఇంటిల్లిపాదీ ధైర్యంగా దొరతో జత కట్టించారు.

వారం క్రితం ఫోన్‌లో పాత ఫోటోలు చూస్తుంటే ఆ ధైర్యం కాస్తా ఆవిరైంది. వెంట్రుకలు పీకిన రోజు మామగారు తీసిన ఫోటో అది. ఒక చేతిలో కవరు, ఇంకో చేత్తో గుర్రం మెడ పట్టుకుని, ఘనకార్యం చేసినదానిలా నవ్వుతోంది కోడలు. గాలికి గుర్రం నుదుటి మీది జుట్టు పక్కకు తొలగింది. దొర నుదుట రూపాయంత తెల్లచుక్క ఉంటుంది. ఫోటోలో గుర్రానికి చుక్క లేదు. అది పక్క గదిలో ఉండే తమ్ముడు, చిన్నదొర. చుక్క తప్ప ఇద్దరికీ తేడా తెలియదు. అప్పటికి ఆమె ఈ ఇంటికొచ్చి ఆరు నెలలే. తలుపు మీద పేరున్న పలక చూసి లోపలికెళ్ళింది గానీ, గుర్రం మొహం చూడలేదు.

ఆ వారమంతా ఆమెకు ముద్ద దిగలేదు. గుర్రాలను దిగబెట్టడానికి పొరుగూరు వెళ్ళిన భర్తకు ఫోన్ చేసి కూడా చెప్పలేకపోయింది. మామగారికి చెప్పడానికైతే అసలే నోరు పెగల్లేదు. మచ్చలమ్మ పొట్టకేసి చూస్తూ, లోపల ఉన్నదానికి తన చేతుల్తోనే ఉరి బిగించానని కుమిలిపోయింది.

ఇప్పుడు ఆ తెల్లటి పిల్ల వణుకుతున్న కాళ్ళ మీద లేచి, తల్లి పొదుగు వెతుక్కుని, చప్పరిస్తూ పాలు తాగుతోంది.

పశువుల డాక్టరమ్మ పిల్ల పొట్టకు స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. తడారుతున్న వెంట్రుకలను తల్లి తెల్లమచ్చ పక్కన పెట్టి చూసింది.

“కాస్త వెన్నరంగుందేమో అనిపిస్తోంది. కానీ నా కళ్ళను నేనే నమ్మను. లద్దె వెయ్యాలి. నల్లటి తొలి లద్దె పడి, తర్వాత పాలు అరిగిన పచ్చటిది కూడా పడితే బతికినట్టే. పడకుండా నొప్పితో దొర్లిందా...” అని ఆగిపోయింది.

“దొర్లదు,” అన్నారు మామగారు, ఎవరో తనతో పోట్లాడుతున్నట్టు.

ముగ్గురూ గోడ వారగా కూర్చున్నారు. పిల్ల తోక ఎత్తింది. ముగ్గురి మెడలూ సాగాయి. దించేసింది. మళ్ళీ ఎత్తి, ముక్కి, వాళ్ళకేసి విసుగ్గా చూసి పడుకుంది. రోజూ లద్దె ఎత్తిపోసే ఇంటివాళ్ళు, దానికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడటం అదే మొదటిసారి.

తొమ్మిదింటికి నల్లటి ఉండలు నాలుగు టపటపా రాలాయి. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. మామగారు చెప్పుల్లేకుండానే పరిగెత్తి, ఆ ఉండలకేసి బంగారం చూసినట్టు చూశారు. కోడలు కదల్లేదు. అప్పుడే సంతోషిస్తే దిష్టి తగులుతుందేమోనని భయం.

మధ్యాహ్నం పిల్ల ఎండలో చెంగుచెంగున గెంతింది. మూడున్నరకు మెత్తగా, పచ్చగా, కంపుకొడుతూ రెండోది పడింది.

“ఇంక భయం లేదు. ఇది వెన్నపిల్లే. ఎండ ఎక్కువ తగలనివ్వకండి, చర్మం కమిలిపోతుంది,” అని డాక్టరమ్మ బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

కోడలి గుండె కుదుటపడింది. దాంతోపాటే దాచుకున్న మాటా ఆగలేదు.

“మామయ్యా, ల్యాబుకు నేను పంపినవి దొర వెంట్రుకలు కావు. చిన్నదొరవి. వారం క్రితం ఫోటో చూస్తే తెలిసింది. చెప్పడానికి భయమేసింది.”

మామగారు గడ్డిమోపు మీద కూర్చుని, కండువాతో మెడ తుడుచుకున్నారు.

“నాకు నాలుగు నెలలుగా తెలుసమ్మా.”

“ఏంటీ?”

“ఆ వారం దొర గది కప్పు కారుతోందని ఇద్దర్నీ అటూ ఇటూ మార్చింది నేనే. పలకలు మార్చడం మర్చిపోయా. ఆమధ్య కప్పు బాగుచేయిస్తుంటే గుర్తొచ్చింది. అప్పటికే ఇది కడుపుతో ఉంది. చెప్తే ఏం చేస్తావ్? తిండి మానేసి ఏడుస్తావ్.”

“అందుకేనా, దొరతో జత కోసం వచ్చినవాళ్ళందరికీ దానికి కాలునొప్పని చెప్పి పంపేశారు?”

“మరేం చెప్పమంటావ్?”

ఒకే కప్పు కింద, ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటూ, ఒకే భయాన్ని ఎవరికి వాళ్ళు దాచుకున్నారు. కోడలికి ముందు ఒళ్ళు మండింది. “ఒక్క మాట చెప్పుంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదా మామయ్యా!” అని కేకేసింది. ఆ మాట తన చెవిన పడగానే నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మామగారు కూడా కండువాలో మొహం దాచుకున్నారు.

“పిల్ల బాగుందిగా. దొరలో ఆ దోషం లేనట్టేగా?” అన్నారు కాసేపటికి.

“కాదు మామయ్యా. ఉన్నా ఈ పిల్లకు దిగకపోయుండొచ్చు. మళ్ళీ పంపాల్సిందే. రిపోర్టు వచ్చేదాకా దొరకు జత వద్దు.”

మామగారు జేబులోంచి ఫోన్ తీశారు. దొర కాలునొప్పి తగ్గుతుందని ఇద్దరు తమ ఆడగుర్రాలను పెట్టుకుని ఇంకా ఎదురుచూస్తున్నారు. ఆ నోట పొరపాటైందన్న మాట ఇన్నేళ్ళలో ఇంట్లోవాళ్ళే వినలేదు, బయటివాళ్ళ సంగతి చెప్పేదేముంది.

“దొరకు కాలునొప్పి లేదండీ. అబద్ధం చెప్పాను. పరీక్షలో గుర్రం మారిపోయింది. తప్పు నాదే...”

కోడలు చెయ్యి చాపి ఫోన్ లాక్కుంది.

“నమస్కారమండీ, కోడల్ని మాట్లాడుతున్నాను. తప్పు మా ఇద్దరిదీ. జరిగిందంతా నేను చెప్తాను, వినండి.”

మామగారు గడ్డిమోపు మీద కొంచెం పక్కకు జరిగి, కోడలు కూర్చోవడానికి చోటిచ్చారు.