ఆచారి సరిచేసిన తోక

నేను ఒక సముద్రపు బల్లిని. చేప అని పిలిస్తే మాత్రం ఊరుకోను. ఇక్తియోసార్ అని నాకు పేరు పెట్టిన పండితులు కూడా ఆ గ్రీకు మాటలో చేపనే ఇరికించారు. కొత్తది ఏది కనిపించినా తెలిసినదాని పేరు తగిలించి చేతులు దులుపుకోవడం మీ జాతికి అలవాటు. నాకు మొప్పలు లేవు. మీలాగే గాలి పీల్చేదాన్ని, అందుకు మాటిమాటికీ నీటిపైకి వచ్చేదాన్ని. గుడ్లు పెట్టలేదు, నీళ్ళలోనే పిల్లల్ని కన్నాను. నా కళ్ళు అన్నం పళ్ళెమంత. లోతు నీళ్ళలో నలిగిపోకుండా వాటి చుట్టూ ఎముక రేకులుండేవి. మెడ లేదు, కాళ్ళు తెడ్లయ్యాయి. పొడుగాటి దవడల నిండా మొనదేలిన పళ్ళు. అవి ఇప్పుడు కదిలితే మిమ్మల్ని కొరికేదాన్ని గానీ, ఇలా కథ చెబుతూ కూర్చుంటానా?

ఇక తోక. నా వెన్నెముక చివర కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు మీదే నెలవంకలాంటి రెక్క నిలబడేది. దాన్ని అటూ ఇటూ కొట్టి ఈదేదాన్ని. ఈ ఒక్క సంగతి మీ బుర్రకెక్కకపోవడం వల్ల నేను రెండోసారి చచ్చాను.

మొదటిసారి చచ్చి బురదలో కూరుకుపోయాక పదిహేను కోట్ల ఏళ్ళు హాయిగా పడుకున్నాను. కచ్ ఎడారిలో ఎవడో గునపంతో లేపాడు. దళారుల చేతులు మారి, ఊక నింపిన పెట్టెల్లో భీమవరం దగ్గర ముదునూరి సోమరాజు మేడకి చేరాను. ఆయన రొయ్యల చెరువుల ఆసామి. నామీద ప్రేమేమీ లేదు. పక్కూరి ఆసామి హాల్లో అడవిదున్న తల వేలాడుతోంది, ఈయనకి అంతకంటే పెద్దది కావాలి, అంతే.

ఎముకలు పేర్చడానికి కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే నీలవేణిని పిలిచాడు. తోక వంపు దగ్గర నా వెన్నుపూసలు ఒక అంచు మందంగా, ఇంకో అంచు పలచగా ఉంటాయి. ఆ తేడా వల్లే వంపు వస్తుంది. వాటిని అరచేతిలో పెట్టుకుని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ వంపుతోనే నన్ను నలుగురికీ చూపించాలని ఆవిడ పట్టుదల. అయితే నాకు ఇనప చట్రం బిగించాల్సిన వీరభద్రాచారికి ఆ ముక్క చెప్పలేదు. దేవుడి వాహనాలు చేసుకునేవాడికి ఇవన్నీ ఎందుకులే అనుకుంది. ఎముకలు నేలమీద వరసగా పేర్చి కాలేజీకి వెళ్ళిపోయింది.

ఆచారి వచ్చి నా తోక చూసి గుండెలు బాదుకున్నాడు. విరిగి భిన్నమైన విగ్రహాన్ని ఇంట్లో నిలబెడితే ఆ ఇంటికి అరిష్టమని ఆయన నమ్మకం. రాజుగారికి మేలు చేద్దామని ఆకురాయి తీసి, ఆ పూసల్ని సమంగా అరగదీసి, లోపల కడ్డీ దూర్చి తోకని తిన్నగా బిగించాడు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. మంచివాడు కావడమే నా ఖర్మ.

సాయంత్రం వచ్చిన నీలవేణి నేలమీది పొడి చూసి కూలబడింది. “ఎంత పని చేశారండీ! అది విరగలేదు. దాని పుట్టుకే అంత!”

“తోక అలా వేలాడిపోతుంటే చూస్తా ఊరుకోమంటారా అమ్మా? సరిచేసేశానండి. ఆయ్, ఇప్పుడు చూడండి, ఎంత కళగా ఉందో!”

“కళా? నిలువునా చంపేశారు. మీ చేతులు పడిపోను!”

ఆచారి మొహం మాడిపోయింది. “దేవుళ్ళని నిలబెట్టిన చేతులమ్మా ఇవి. ముందే ఓ మాట చెప్పుంటే ముట్టుకునేవాణ్ణా?”

తప్పు తమదైనప్పుడు మీరందరూ చేసే పనే ఆవిడా చేసింది. గొంతు పెంచింది.

గొడవకి సోమరాజు మేడ దిగి వచ్చాడు. “ఇప్పుడు బాగానే ఉంది కదా మేడమ్? ఎవడికి తెలుస్తుందండీ?”

“ఇలా నిలబెడితే అబద్ధాన్ని నిలబెట్టినట్టేనండి. ఆ పూసలు పాడైపోయాయి. ఇంక ఇది ఎప్పటికీ సరికాదు.”

నా తరఫున అంత గట్టిగా మాట్లాడిన మనిషి మరొకరు లేరు. ఆ మాటే నా కొంప ముంచింది. రాజుగారి చెవికి అందులో పాడైపోయిందన్న ముక్క ఒక్కటే ఎక్కింది. అప్పటికే ఆయన చెరువుల్లో తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్యలు చచ్చి తేలుతున్నాయి.

“అయితే భిన్నమైపోయినట్టే కదా ఆచారీ? ఇది ఇంట్లో ఉండబట్టే చెరువులు ఇలా తగలడ్డాయి. ఇప్పుడేం చెయ్యాలి?”

ఆచారి ఆవిడ వైపు చూడకుండా చెప్పాడు. “నీళ్ళల్లో కలిపెయ్యాలండి.”

“మా కాలేజీకి ఇచ్చేయండి, నేనే మోసుకుపోతాను,” అని నీలవేణి కాళ్ళావేళ్ళా పడింది.

“రేపు మీ కాలేజీకి ఏదన్నా అయితే ఆ పాపం నాకెందుకండీ?” అన్నాడు రాజుగారు.

మర్నాడు పసుపూ కుంకుమా చల్లి, ట్రాక్టరులో పేరుపాలెం సముద్రం ఒడ్డుకి తెచ్చి, పడవెక్కించి, లోతు చూసి దింపేశారు. ఆచారి నాకు దండం పెట్టాడు. నీలవేణి ఒడ్డున నిలబడి పైకే ఏడ్చింది. ఆ దండమూ ఆ ఏడుపూ మీ దగ్గరే ఉంచుకోండి.

సొంత సముద్రానికి చేరింది కదా, ఇంకేం కావాలి అంటారు మీరు. ఒంటి మీదుగా నీరు కదిలినప్పుడల్లా తోక ఆడించబోతాను. అక్కడ మీరు తిన్నగా బిగించిన ఇనప కడ్డీ ఉంది.