ఎడమ చెవి సంగతి

రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై తొమ్మిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. నేను ఒక వాక్యం పూర్తి చేసేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి.

మా ఆయన కుట్టు మిషన్లు బాగుచేసే మేస్త్రి. మిషను తొక్కించి, కుడి చెవి ఆనించి, జబ్బేమిటో చెప్పేసేవారు. ఎడమ చెవి చిన్నప్పటి జ్వరంలోనే పోయింది. అది నాకొక్కదానికే తెలుసు. "చెవిటి మేస్త్రికి ఎవడిస్తాడే పని? నోరు జారావో చూడు," అనేవారు. ముప్పై ఏళ్లు జారలేదు. బజారులో ఎప్పుడూ ఆయన కుడి పక్కనే నడిచాను.

తర్వాత తూలడం మొదలైంది. కుడి చెవి లోపల, పుర్రె అడుగున గడ్డ అన్నారు. ఆసుపత్రిలో చేర్చేసరికి ఆయన మత్తుగా పడి ఉన్నారు. వినికిడి పరీక్ష కుదరలేదు. సర్జను బొమ్మ గీసి నాకు చెప్పాడు.

"రెండు దార్లున్నాయమ్మా. చెవి వెనక నుంచి వెళ్తే వినికిడి కొంత మిగలొచ్చు. లోపలి చెవిని తొలుచుకుంటూ వెళ్తే గడ్డ బాగా అందుతుంది, మూతి వంకరపోయే భయం తక్కువ. కానీ ఆ చెవి ఇక వినదు. రెండోది బాగానే ఉందిగా?"

"బాగుందండీ," అన్నాను.

అలవాటు. నాలుక దానంతటదే అనేసింది. వేలిముద్ర వేశాక తెలిసొచ్చింది. నర్సు కాగితం పట్టుకెళ్తుంటే, పిలవకుండా వేలికంటిన సిరా కొంగుకి తుడుచుకున్నాను.

ఆయన బతికారు. మూతి తిన్నగానే ఉంది. నా మాట ఆయనకు వినపడదు, రాసి చూపిద్దామంటే నాకు చదువు రాదు.

"ఎడమ చెవి సంగతి డాక్టరుకి చెప్పావా?" అని వీధంతా వినపడేలా అడిగేవారు. అవునని తల ఊపేదాన్ని.

"మరి తెలిసీ ఇలా ఎందుకు చేశాడే?"

అందుకే పెద్దవాళ్ల బడికి వెళ్లాను. "ప్రేమలేఖ రాయాలా ఏంటి పెద్దమ్మా?" అని పంతులమ్మ నవ్వేది. రెండేళ్లకు, ముందు నోటుపుస్తకంలో రాసుకుని, చూసి పలక మీద దించి, ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన చదివారు.

"చెప్పలేకపోతే పోనీలేవే," అని అరచేత్తో తుడిచేశారు.

క్షమించారనుకున్నాను. ఆ నెలలోనే గుండె ఆగి పోయారు.

నిరుడు ఆ నోటుపుస్తకం దొరికింది. ఇప్పుడు చదవడం బాగా వచ్చు. 'దు' రాయాల్సిన చోట 'ను' ఉంది.

"నేను చెప్పలేను."

ఇప్పుడు సరిగ్గా రాస్తున్నాను. నేను చెప్పలేదు.

మిషను మేస్త్రి భార్య, అరవై ఆరేళ్లు, ప్రస్తుతం కూతురి ఇంట్లో, వంటగది పక్క గది.