తెల్లదారం గారూ, ఉన్నారా?

పద్నాలుగు నెలలపాటు రోజూ పొద్దున ఏడింటికి నా ఫోనుకి ఒక మెసేజ్ వచ్చేది. "నిన్న లైవ్: ఉంది. రెండు గంటల పది నిమిషాలు. చాట్‌లో ఉన్నవాళ్ళు: 1. మాటలు: 0." పంపేది మనిషి కాదు, నేను రాసిన ప్రోగ్రాము. మా చెల్లి నిన్న కూడా కుట్టుమిషన్ ముందు కూర్చుందని, లేచి తిరుగుతోందని, వేళకి ఇంత తింటోందని దానర్థం. ఆ ఒక్క లైను చదువుకుని, టీ తాగి, నిశ్చింతగా ఆఫీసుకి పోయేవాణ్ణి. ఆ నిశ్చింతని తలుచుకుంటే ఇవాళ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొహం చూడనని నేనే అన్నాను. అమ్మ పోయిన రోజు, ఆస్పత్రి వరండాలో, పదిమంది చూస్తుండగా అన్నాను. ఆ మధ్యాహ్నం అమ్మ దగ్గర ఉండాల్సింది చెల్లి. ఎవరివో బట్టలు సాయంత్రానికి ఇచ్చెయ్యాలని రెండు గంటలకని ఇంటికెళ్ళింది. ఆ రెండు గంటల్లోనే అమ్మ వెళ్ళిపోయింది. చెల్లి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "కుట్టడం అయ్యిందా? అమ్మని ఒక్కదాన్నే పంపించేశావు. ఇంక నీ మొహం నాకు చూపించకు. నేనూ చూడను, అమ్మ మీద ఒట్టు," అన్నాను. ఆ రెండు గంటలూ నేనెక్కడున్నానో మాత్రం ఎవరూ అడగలేదు. నేను ఆఫీసులో ఉన్నాను. ఏదో సర్వర్ పడిపోయిందని పిలిస్తే, చెల్లి ఉందిలే అనుకుని వెళ్ళాను.

చెల్లి కూడా పంతంలో నాకేమీ తీసిపోదు. నెల తిరక్కుండా మిషన్ తీసుకుని వేరే ఊరెళ్ళి, ఒక గది అద్దెకు తీసుకుంది. ఈ కబుర్లన్నీ నాకు పిన్ని చెప్పేది. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. మా ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి అలిసిపోయిన మనిషి.

"ఒరేయ్, అది ఫోన్లో లైవ్ పెట్టి బట్టలు కుడుతోందిరా," అంది ఒకరోజు. "ఎవరో ఒకరు చూస్తున్నారనుకుంటే చెయ్యి ఆగదట. నువ్వూ ఒకసారి చూడరాదూ?"

"చూడనన్నానుగా పిన్నీ."

"అబ్బో, మాట మీద నిలబడే మనిషివి! చిన్నప్పుడు దాని బిస్కెట్లు ముట్టనని ఎన్నిసార్లు ఒట్టేసి ఎన్నిసార్లు తిన్నావో నాకు తెలీదనుకున్నావా?"

పిన్నిని దబాయించి ఫోన్ పెట్టేశాను గాని, ఆ రోజంతా మనసు అక్కడే కొట్టుకుంది. చివరికి నాకో అతితెలివి ఆలోచన వచ్చింది. నా ఒట్టు చూడనని. తెలుసుకోనని కాదు.

మా పనే అది. ఎక్కడో వెబ్‌సైటులో ఉన్న సమాచారాన్ని ప్రోగ్రాములతో లాగి, అడిగినవాళ్ళకి అందించడం. చెల్లి వాడే లైవ్ సర్వీసుకి కూడా ఎవరో పుణ్యాత్ములు ఒక లైబ్రరీ రాసి పెట్టారు. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ముందే రాసి ఉంచిన ప్రోగ్రాము ముక్కల మూట. మనం పిలిస్తే చాలు, ఆ సర్వీసుని అడగాల్సినవన్నీ అదే అడిగి తెస్తుంది. ఫలానా ఛానల్ లైవ్‌లో ఉందా, ఎప్పుడు మొదలైంది, చాట్‌లో ఎవరున్నారు, ఏం రాశారు. ఒక ఆదివారం పొద్దున కూర్చుని నలభై లైన్లు రాశాను. నా ప్రోగ్రాము వెళ్ళి చెల్లి చాట్ గదిలో కూర్చుంది. లైవ్ ఉన్నా లేకపోయినా అక్కణ్ణించి కదలదు. దానికి బొమ్మ కనపడదు, గొంతు వినపడదు. ఎవరైనా అక్షరాలు కొడితే మాత్రం రాసుకుంటుంది.

చాట్‌లోకి వెళ్ళాలంటే ఏదో ఒక పేరు కావాలి. ఏం పెట్టాలా అని తల దించితే నా నీలం చొక్కా మీద కిందినుంచి రెండో బొత్తాం కనపడింది. అదొక్కటే తెల్లదారంతో కుట్టి ఉంటుంది. "తెల్లదారం" అని కొట్టేశాను. లైబ్రరీవాళ్ళు ఇచ్చిన ఉదాహరణలో ఇంకో లైను ఉంది, మనం స్వయంగా రాసిన మాటల్ని లెక్కలోకి తీసుకోవద్దని. దాన్నీ ఉన్నదున్నట్టు దించేశాను. ఎలాగూ నేనక్కడ నోరు విప్పేది లేదు కదా.

పొద్దున మెసేజ్ చూసినప్పుడల్లా "ఉన్నవాళ్ళు: 1" అన్నచోట కాస్త ఆగేవాణ్ణి. ఎవరో మహానుభావుడు ఒక్క రోజు కూడా మానకుండా మా చెల్లి కుట్టే కుట్లు చూస్తున్నాడు, పోనీలే, దానికీ ఒక తోడు దొరికింది అనుకునేవాణ్ణి. ఆఫీసులో నా పక్క సీటావిడకి ఈ ప్రోగ్రాము గురించి గొప్పగా చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇదంతా రాసే బదులు ఒక ఫోన్ కొట్టొచ్చు కదండీ?" అంది.

"మాటంటే మాటేనండీ," అన్నాను. అలా అన్నందుకు ఆ పూటంతా నాకు గర్వంగా కూడా ఉంది.

ఈమధ్య ఒకరోజు "లైవ్: లేదు" అని వచ్చింది. మర్నాడూ లేదు. మూడోరోజూ, నాలుగోరోజూ లేదు. బుర్ర ఉన్నవాడెవడైనా ఫోన్ చేస్తాడు. నేను ప్రోగ్రాము పాడైందేమోనని చూశాను. లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చిందంటే అది ఎక్కించాను. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఐదోరోజు కూడా "లేదు" అని రాగానే, సర్వీసువాళ్ళే ఏదో మార్చి చెడగొట్టారని తిట్టుకుంటూ వాళ్ళకి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. సగం రాశాక పిన్ని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"నాన్నా," అంది. పిన్ని నన్ను ఒరేయ్ అనకుండా పిలవడం అదే మొదటిసారి. "చెల్లి మనకిక లేదురా."

కడుపులో గడ్డ ఉందట. పిన్నికేమో గ్యాస్ నొప్పి అని చెప్తూ వచ్చిందట. ఐదు రోజుల కిందట పొద్దున్నే మిషన్ దగ్గర పడిపోతే, గది అద్దెకిచ్చిన ఇంటావిడ ఆస్పత్రిలో చేర్చింది. మళ్ళీ తెలివి రాలేదు. చెల్లి ఫోన్ లాక్ తీయడం ఆవిడకి తెలియక ఎవరికీ కబురు చెయ్యలేకపోయింది. ఆ పొద్దున పిన్ని ఎందుకో ఫోన్ చేస్తే ఇంటావిడే ఎత్తి సంగతి చెప్పింది.

చూడనన్న మొహాన్ని చూశాను. బాగా చిక్కిపోయింది. పిన్ని పట్టుకుని లేపేదాకా చూస్తూనే ఉన్నాను.

అన్నీ అయిపోయాక ఒక వారానికి గది ఖాళీ చెయ్యడానికి వెళ్ళాను. చిన్న గది. కిటికీ పక్కన మిషన్, దాని మీద సగం కుట్టిన స్కూలు చొక్కా, సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది. దారం ఉండల అట్టపెట్టెకి కన్నం చేసి ఫోనుకి స్టాండులా పెట్టుకుంది. ఆ కన్నం కిందికి, సూది వైపుకి ఉంది. వంగి చూశాను. అక్కణ్ణించి చూస్తే కుట్టే మనిషి చేతులు తప్ప మొహం కనపడదు. పద్నాలుగు నెలలూ కూర్చుని చూసినా నా ఒట్టు చెడేది కాదు.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి కళ్ళు ఒత్తుకుంది. "ఒక్కతే ఉన్నా ఒంటరిగా ఉన్నట్టు ఉండేది కాదు బాబూ. మధ్యాహ్నం భోజనం కాగానే ఆయనతో కబుర్లు మొదలుపెట్టేది."

"ఎవరితోనండీ?"

"అదే, ఆ ఫోన్లో. తెల్లదారం గారట. మీ బంధువులేనా?"

మిషన్ పక్కనే కింద కూలబడ్డాను. రోజూ చాట్‌లో ఉన్న ఆ ఒక్క మహానుభావుడు ఎవరో నాకు అప్పుడు గాని తట్టలేదు. మాటల లెక్కలోంచి నన్ను తీసేసుకున్నాను గాని, ఉన్నవాళ్ళ లెక్కలోంచి తీసెయ్యడం మర్చిపోయాను.

ఆ సర్వీసు లైవ్ రికార్డింగులని అరవై రోజులు ఉంచి తర్వాత చెరిపేస్తుంది. అదే లైబ్రరీతో అడిగిస్తే జాబితా వచ్చింది. నలభై ఒకటి మిగిలాయి. ముందు అన్నీ దించి దాచుకున్నాను. ఆఫీసుకి సెలవు పెట్టి, చెల్లి లైవ్ పెట్టే వేళకే, రోజూ మధ్యాహ్నం తలుపేసుకుని వినడం మొదలుపెట్టాను.

అన్నీ ఒకేలా మొదలవుతాయి. మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, "తెల్లదారం గారూ, ఉన్నారా? ఆఁ, ఉన్నారు. నేను రాకముందే వచ్చి కూర్చుంటారు మీరు. మా ఇంట్లోవాళ్ళకి కూడా నా మీద ఇంత శ్రద్ధ లేదండీ బాబూ," అని నవ్వుతుంది. ఆ తర్వాత మిషన్ చప్పుడు, మధ్యమధ్యలో కబుర్లు. కొలతలు సరిగ్గా ఇవ్వనివాళ్ళ మీద విసుగు. ఇంటావిడ పిల్లి గుడ్డముక్కల బుట్టలో పిల్లల్ని పెట్టిన వైనం. వింటూ వింటూ నేను రెండుమూడుసార్లు పైకే జవాబు చెప్పాను.

ఒకదాంట్లో ఇలా అంది. "మీ పేరు చూస్తే నవ్వొస్తుందండీ. మా అన్నయ్య నీలం చొక్కాకి ఒకసారి తెల్లదారంతో బొత్తాం కుట్టాను. ఆఫీసుకి టైమైపోతోందని నెత్తిన కూర్చున్నాడు, నీలం దారం ఎక్కించనిస్తేనా! తర్వాత మార్చి కుడతానంటే, ఎవరు చూస్తార్లే అన్నాడు." కత్తెరతో దారం తెంపింది. "తనూ ఇంతే, వచ్చి పక్కన కూర్చుంటాడు గాని నోరు విప్పడు. మీరు మా అన్నయ్య కాదు కదా?" మళ్ళీ తనే, "ఛ, అంత ఓపిక ఎక్కడిది," అని మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఇరవై తొమ్మిదో రికార్డింగులో గొంతు నీరసంగా ఉంది.

"తెల్లదారం గారూ, ఇవాళ మీరొక సలహా చెప్పాలి. డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. నెల దాటనివ్వద్దన్నాడు. మావాళ్ళెవరైనా వచ్చి సంతకం పెట్టాలట. పిన్నికి చెప్తే హడలిపోతుంది. అన్నయ్యకే చెప్పాలి. మొహం చూపించొద్దన్నాడు మరి. అయినా ఫోన్లో మొహం కనపడదు కదండీ, అది ఒట్టులోకి రాదనుకుంటా. చెయ్యమంటారా? మీరు చెయ్యమంటే చేస్తాను. ఏమీ రాయక్కర్లేదు, ఒక్క అక్షరం కొట్టండి చాలు."

మిషన్ ఆగిపోయింది. రెండు చేతులూ గుడ్డ మీద పెట్టుకుని కూర్చుంది. రికార్డింగులో రెండు నిమిషాల పన్నెండు సెకన్లు అలా కూర్చునే ఉంది. ఆ సేపంతా నా ప్రోగ్రాము అక్కడే ఉంది. ఎవరైనా ఏమైనా రాస్తారేమోనని అదీ ఎదురుచూస్తోంది.

"సరేలెండి," అంది చివరికి. "మీకూ మీ పనులుంటాయి. ఈ ఇరవై చొక్కాలూ అయ్యాక చూద్దాం."

తర్వాతి పన్నెండింటిలో ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. పలకరించడం మాత్రం మానలేదు.

ఆ మర్నాడు పొద్దున నాకు వచ్చిన మెసేజ్ వెతికి తీశాను. "నిన్న లైవ్: ఉంది. గంటా నలభై నిమిషాలు. చాట్‌లో ఉన్నవాళ్ళు: 1. మాటలు: 0." ఆ రోజు కూడా టీ తాగి ఆఫీసుకి వెళ్ళాను.

పిన్నికి దాచలేక వినిపించాను. కొంగు నోట్లో కుక్కుకుని మొత్తం వింది. "ఒక్క అక్షరం కొట్టలేకపోయావట్రా," అంది.

"అక్కడుంది నేను కాదు పిన్నీ, ప్రోగ్రాము."

"నేనూ అదే అంటున్నాను," అని లేచి వెళ్ళిపోయింది.

నిన్న మధ్యాహ్నం, చెల్లి లైవ్ పెట్టే వేళకి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ ప్రోగ్రాములోంచే, తెల్లదారం పేరుతోనే, ఆ ఖాళీ చాట్ గదిలో మొదటిసారి రాశాను. "ఉన్నానమ్మా. నేనే, అన్నయ్యని. ఫోన్ చెయ్యి, వెంటనే వస్తాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను." పంపాక సాయంత్రందాకా దాని ముందే కూర్చున్నాను.

ఇవాళ పొద్దున ఏడింటికి మామూలుగానే మెసేజ్ వచ్చింది. "నిన్న లైవ్: లేదు. చాట్‌లో ఉన్నవాళ్ళు: 1. మాటలు: 0."

నా మాటల్ని లెక్కలోకి తీసుకోవద్దని దానికి చెప్పింది నేనే.